ఫోటోలను బ్రెయిలీలోకి మార్చడం ఎలా? (62 పేజీలు, పరీక్షలకు మూడు వారాలు)

గోదారి_మాస్టారు
మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయికి చూపు లేదు. బ్రెయిలీ చకచకా చదువుతుంది. సాంఘిక శాస్త్రం నోట్సు ఆమెకు కూడా అందితే బాగుంటుందని నా దగ్గరున్న 62 పేజీలను ఫోనుతో ఫోటోలు తీశాను. అందులో 50 అచ్చు పేజీలు, 12 నా చేతిరాత. ‘బొమ్మను బ్రెయిలీగా మార్చండి’ అనే సైటు ఒకటి దొరికింది. ఫోటో ఎక్కించగానే తెర నిండా చుక్కలే చుక్కలు. పని ఇంత సులువా అని మురిసిపోయాను.

ఆ ఫైలును నగరంలో ఒక బ్రెయిలీ ప్రెస్సుకు పంపితే ‘ఇది బ్రెయిలీ కాదు, బీఆర్‌ఎఫ్ ఫైలు పంపండి’ అని తిప్పి కొట్టారు. నమ్మబుద్ధి కాక, మొదటి నాలుగు వరుసల చుక్కలను మందపాటి అట్ట మీద నేనే స్టైలస్‌తో పొడిచి ఆ అమ్మాయి చేతికిచ్చాను. వేళ్లు అటూ ఇటూ ఆడించి, ‘సార్, ఇది గరుకు కాగితంలా ఉంది. అక్షరాలేవి?’ అంది.

ఇంతకీ బీఆర్‌ఎఫ్ అంటే ఏమిటి? ఫోటో నుంచి అది ఎలా వస్తుంది? నాకు కంప్యూటర్‌లో వర్డ్, ఎక్సెల్ వరకే తెలుసు.

కొత్తపేట_కుర్రాడు
నాలుగు వరుసలు చేత్తో పొడిచారా! మాస్టారూ, మీ ఓపికకు దండం.

కమాండ్_లైన్
ఆ సైటు చేసేది చుక్కల చిత్రం. ఫోటోలో నలుపున్న చోట చుక్క పెడుతుంది, తెలుపున్న చోట వదిలేస్తుంది. కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే యూనికోడ్ అనే పట్టికలో బ్రెయిలీ గుర్తులు 256 ఉన్నాయి కాబట్టి వాటిని ఇటుకల్లా పేర్చి బొమ్మ కడుతుంది. చూపున్నవాళ్లు సరదాకు చూసుకోవడానికే అది. పైగా అందులో వాడేవి ఎనిమిది చుక్కల గళ్లు. కాగితం మీద బ్రెయిలీ ఆరు చుక్కలది: ఒక్కో గడిలో ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3, కుడివైపు 4, 5, 6.

మీకు కావలసింది రెండు అంచెల పని. ఫోటోలోని అక్షరాలను గుర్తుపట్టి మామూలు తెలుగు పాఠ్యంగా మార్చడం మొదటిది, దీన్ని ఓసీఆర్ అంటారు. ఆ పాఠ్యాన్ని బ్రెయిలీ చుక్కల్లోకి మార్చడం రెండోది. మధ్యలో పాఠ్యం లేకుండా ఫోటో నుంచి నేరుగా బ్రెయిలీకి దారి లేదు.

బీఆర్‌ఎఫ్ అనేది రెండో అంచె తర్వాత వచ్చే ఫైలు. ఒక్కో బ్రెయిలీ గడికి కీబోర్డు మీది ఒక్కో గుర్తును కేటాయిస్తారు. ‘అమ్మ’ అనే మాటను బీఆర్‌ఎఫ్‌గా మార్చి నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇంగ్లిష్ ఏ, దాని పక్కన ఈమెయిల్ చిరునామాల్లో వాడే అట్ గుర్తు, ఆ తర్వాత రెండు ఎంలు కనిపిస్తాయి. చూసి వైరస్ అనుకుని చెరిపేయకండి.

కొత్తపేట_కుర్రాడు
మా అన్నయ్య చెరిపేశాడు. రెండుసార్లు.

స్కానర్_సుబ్బులు
పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసే పనిలో ఎనిమిదేళ్లుగా ఉన్నాను. మొదటి అంచె సంగతి నేను చెబుతాను, అసలు తిప్పలన్నీ అక్కడే.

మాస్టారూ, ముందు మీ ఫోటోలు ఒకసారి చూడండి. మీ చేతి నీడ పేజీ మీద పడిందా? పుస్తకం నడిమి మడత దగ్గర వరుసలు వంగిపోయాయా? అయితే మళ్లీ తీయడమే మేలు. పుస్తకాన్ని కిటికీ పక్కన పెట్టి, పైన గాజుపలక ఒకటి ఆనించి, ఫోను పేజీకి సమాంతరంగా పట్టుకుని తీయండి. స్కానర్ దొరికితే స్పష్టత అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ) చాలు. 600 పెడితే ఫైలు లావెక్కుతుందే తప్ప ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఆ తర్వాత స్కాన్ టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే వంకర సరిచేసి, అంచులు కత్తిరించి, అచ్చంగా నలుపు తెలుపుల్లోకి మారుస్తుంది.

ఓసీఆర్‌కు సులువైన దారి గూగుల్ డ్రైవ్. ఫోటోను అందులోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ కింద పాఠ్యం వస్తుంది. తెలుగు బాగానే గుర్తుపడుతుంది. ఇంటర్నెట్ లేకుండా చేయాలంటే టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 1980లలో హెచ్‌పీ కంపెనీలో పుట్టి, 2005 నుంచి ఉచితంగా అందరికీ దొరుకుతోంది. తెలుగు డేటా విడిగా దింపుకోవాలి.

చేతిరాత 12 పేజీల మీద ఆశ వదులుకోండి.

గోదారి_మాస్టారు
నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరండీ.

స్కానర్_సుబ్బులు
ముత్యాలు కంప్యూటర్‌కు అక్కర్లేదు, అచ్చు కావాలి. ఆ 12 పేజీలను ఫోనుకు చదివి వినిపించండి, అదే టైపు చేసుకుంటుంది. పాఠం చెప్పే గొంతు మీది, బాగానే పడుతుంది. ఫుల్‌స్టాప్‌లు, కామాలు మాత్రం తర్వాత చేత్తో పెట్టుకోవాలి.

నిర్మొహమాటం
ఇంత శ్రమ అవసరమా? ఈ కాలంలో ఫోను చదివి వినిపిస్తుంది కదా. ఆ పాఠ్యం రాగానే వాట్సాప్‌లో పంపితే అమ్మాయి విని నేర్చుకుంటుంది. బ్రెయిలీ పాతబడిపోయింది. ఎవరో ఒకరు చెప్పాలని చెబుతున్నాను.

కొత్తపేట_కుర్రాడు
పేరుకు తగ్గ పోస్టు.

ఆరుచుక్కలు
నిర్మొహమాటం గారూ, నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఈ పోస్టు కూడా ఫోను చదివితే విని, ఫోనులోనే రాస్తున్నాను. కాబట్టి ఫోను గొప్పతనం నాకు మీరు చెప్పనక్కర్లేదు.

నేను మూడో తరగతి దాకా బ్రెయిలీ నేర్పే బడిలో ఉన్నాను. తర్వాత మా ఊరి బడికి మారాను, అక్కడ బ్రెయిలీ పుస్తకం ఒక్కటీ లేదు. డిగ్రీ దాకా అంతా విని చదివిందే. మార్కులకు లోటు రాలేదు. ఉద్యోగంలో చేరాక మొదటి ఉత్తరం టైపు చేసి పై అధికారికి పంపాను. ఆయన మంచివాడు, విడిగా పిలిచి మెల్లగా చెప్పాడు: ‘శ్రద్ధ’లో ధ వత్తు పెట్టలేదు, ‘విశేషం’లో శ, ష తారుమారయ్యాయి, ‘అర్థం’ అని రాయాల్సిన చోటల్లా ‘అర్దం’ అని ఉంది. పదిహేనేళ్లు వేలసార్లు విన్న మాటలు అవి. చెవికి వాటి ఒత్తులు ఎలా తెలుస్తాయి? మీరు ‘శ్రద్ధ’ను కళ్లతో చూశారు కాబట్టి మీకు తెలుసు. నేను వేలితో చూడాలి.

ఆ తర్వాత మళ్లీ బ్రెయిలీ పట్టాను. ఈ పేరు అందుకే పెట్టుకున్నాను.

లెక్కలు, పటాలు, పట్టికల సంగతి చెప్పడం మొదలుపెడితే తెల్లవారుతుంది. ఒక పట్టికను మీ ఫోనుతో చదివించుకుని, కళ్లు మూసుకుని, మూడో వరుస నాలుగో గడిలో ఏముందో చెప్పండి చూద్దాం.

నిర్మొహమాటం
ప్రయత్నించాను. నాకు రెండో వరుసే గుర్తు లేదు. సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంకో అనుమానం. అచ్చు పుస్తకాన్ని ఇలా మార్చి పంచితే కాపీరైటు గొడవ రాదా? ఇది వాదన కాదు, నిజంగా అడుగుతున్నాను.

పెద్దమ్మ_న్యూజెర్సీ
రాదు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు 52వ సెక్షన్‌లో ‘జెడ్‌బీ’ అనే క్లాజు చేర్చారు. వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి ఒక పుస్తకాన్ని మార్చడం, చదువు కోసం వాళ్లకు ఇవ్వడం ఉల్లంఘన కిందికి రాదు. లాభానికి అమ్మకూడదు, అంతే. చూపులేనివాళ్లకు పుస్తకాలు అందడానికి దేశాలు చేసుకున్న మర్రకేష్ ఒడంబడికను 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం కూడా మనదే. నేను ఇక్కడ కూర్చుని వారాంతాల్లో తెలుగు కథల పుస్తకాలు టైపు చేసి చూపులేని పిల్లలకు పంపుతుంటాను, మొదట్లో ఈ భయం నాకూ ఉండేది.

మాస్టారూ, మొదలుపెట్టే ముందు సుగమ్య పుస్తకాలయలో ఒకసారి వెతకండి. 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం అది. పాఠ్యపుస్తకం అయితే ఎవరైనా ఇప్పటికే చేసి పెట్టి ఉండవచ్చు. నోట్సు మాత్రం మీరే చేసుకోవాలి.

కొత్తపేట_కుర్రాడు
నాదొక సందేహం. అచ్చు పేజీల్లో కొన్నిటికి పీడీఎఫ్ ఉండే ఉంటుంది కదా, దానిలోంచి అక్షరాలు కాపీ చేస్తే పోలేదా? ఫోటో ఎందుకు, ఓసీఆర్ ఎందుకు?

స్కానర్_సుబ్బులు
చేసి చూడు నాయనా. తెలుగు డీటీపీ చాలా ఏళ్లు అను ఫాంట్లలో నడిచింది. అవి యూనికోడ్ కావు. కంటికి ‘గోదావరి’ అని కనిపిస్తుంది, కాపీ చేసి అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, ఫ్రెంచి టోపీలు వస్తాయి. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ ఒక్కో వెర్షన్‌కు ఒక్కో లెక్క. అందుకే నేను అలాంటి పీడీఎఫ్‌ను పేజీ పేజీగా బొమ్మగా మార్చి, దాని మీద ఓసీఆర్ చేస్తాను.

కొత్తపేట_కుర్రాడు
అక్షరాలున్న పుస్తకాన్ని ఫోటోగా మార్చి మళ్లీ అక్షరాలు చేయడమా! పెట్టిన ముగ్గును అలికేసి మళ్లీ అదే ముగ్గు పెట్టినట్టుంది.

స్కానర్_సుబ్బులు
అంతే మరి. తెలుగు డీటీపీ చేసిన ప్రతి ఒక్కరికీ ఆ ముగ్గు తెలుసు.

ప్రెస్‌గది
బ్రెయిలీ ప్రెస్సులో పని చేస్తాను. (మీ ఫైలు తిప్పి పంపింది మేము కాదు, ముందే చెబుతున్నాను.) ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, అందరూ దెబ్బ తినేది అక్కడే.

బీఆర్‌ఎఫ్‌లో ప్రతి వరుసా ఎక్కడ ఆగాలో ముందే ఖరారై ఉంటుంది. వర్డ్ ఫైలులా కాగితాన్ని బట్టి సర్దుకోదు. పదకొండున్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల ఎత్తు ఉన్న పెద్ద కాగితం మీద వరుసకు 40 గళ్లు, పేజీకి 25 వరుసలు పడతాయి. ఏ4 కాగితం మీద వరుసకు దాదాపు 30 గళ్లే. 40 గళ్లకు చేసిన ఫైలును ఏ4 మీద కొడితే ప్రతి వరుస చివరి పది గళ్లు కింది వరుసలో ఒంటరిగా పడతాయి. పుస్తకమంతా ఒక పొడుగు వరుస, ఒక పొట్టి వరుస. చదివేవాళ్ల వేలు ఎక్కడికక్కడ తడబడుతుంది.

కాబట్టి ఫైలు చేయకముందే ప్రెస్సుకు ఫోను చేసి మూడు సంగతులు అడగండి: వరుసకు ఎన్ని గళ్లు, పేజీకి ఎన్ని వరుసలు, ఒకవైపు కొడతారా రెండు వైపులా కొడతారా. పీఈఎఫ్ అని ఇంకో రకం ఫైలు ఉంది, అందులో ఈ కొలతలన్నీ లోపలే రాసి ఉంటాయి. తీసుకునే ప్రెస్సు అయితే అదే నయం.

ఇంకోటి. అచ్చు పేజీ ఒకటి బ్రెయిలీలో రెండున్నర, మూడు పేజీలు అవుతుంది. మీ 62 పేజీలు ఇంచుమించు 170 అవుతాయి. క్లాసులో మీరు ‘34వ పేజీ తీయండి’ అంటే ఆ అమ్మాయికి అది 90 దాటి ఎక్కడో ఉంటుంది. అచ్చు పేజీ సంఖ్యను కూడా బ్రెయిలీ పేజీలో పెట్టించండి, పక్క పిల్లను అడగక్కర్లేకుండా తనే తీసుకుంటుంది.

గోదారి_మాస్టారు
ఇది నాకు తట్టనే లేదు. రోజుకు పదిసార్లు ‘ఫలానా పేజీ తీయండి’ అంటాను.

సుబ్బులు గారు చెప్పినట్టు గాజుపలక పెట్టి మళ్లీ ఫోటోలు తీశాను (మా ఇంటి దేవుడి పటం గాజు ఊడదీశాను, మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు). గూగుల్‌లో పాఠ్యం వచ్చింది. రెండో అంచెకు ఏ సాఫ్ట్‌వేర్?

కమాండ్_లైన్
డబ్బు పెట్టగలిగితే డక్స్‌బరీ, ప్రెస్సుల్లో ఎక్కువగా వాడేది అదే, తెలుగు కూడా చేస్తుంది. ఉచితంగా కావాలంటే లిబ్‌లూయీ. లూయీ బ్రెయిల్ పేరు మీదే పెట్టారు. తెరమీది అక్షరాలు చదివే ఎన్‌వీడీఏ లోపల బ్రెయిలీ చేసి పెట్టేది కూడా అదే. ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే తెలుగు పట్టిక దానితోపాటే వస్తుంది. మీరు వర్డ్ వరకే అన్నారు కాబట్టి పాఠ్యం పంపండి, నేను మార్చి ఇస్తాను. బ్రెయిల్‌బ్లాస్టర్ కూడా ఉచితమే, అమెరికన్ ప్రింటింగ్ హౌస్ వాళ్లది, కానీ ఇంగ్లిష్ పుస్తకాలకు బాగుంటుంది.

ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ముందు ‘అమ్మ’ పరీక్ష పెట్టండి. మన దేశంలో 1951 నుంచి వాడుతున్నది భారతి బ్రెయిలీ. తెలుగు, హిందీ, తమిళం అన్నిటికీ ఒకే చుక్కల పద్ధతి. అందులో వత్తు కిందికి వెళ్లదు, దాని బదులు పొల్లు గుర్తు ముందుకు వస్తుంది. ‘అమ్మ’లో మొదటి గడిలో ఒకటో చుక్క, అది అ. రెండో గడిలో నాలుగో చుక్క ఒక్కటే, అది పొల్లు గుర్తు. తర్వాత 1-3-4 చుక్కలు రెండు గళ్లలో, అవి రెండు మలు. మొత్తం నాలుగు గళ్లు. మీ ఫైలులో పొల్లు గుర్తు రెండు మల మధ్యలో వచ్చిందంటే పట్టిక తప్పు. ఆపేయండి.

ఆరుచుక్కలు
అచ్చులకు కూడా ఒక చిత్రం ఉంది. కాగితం మీద ముద్రించే తెలుగులో ‘ఓ’ అక్షరం వేరు, ‘పో’లో ఓత్వం వేరు. బ్రెయిలీలో రెండూ ఒకే గడి, 1-3-5. ప గడి పక్కన ఓ గడి పెడితే ‘పో’ అయిపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అక్కరకు వస్తుంది.

పెద్దమ్మ_న్యూజెర్సీ
మాస్టారూ, పాఠ్యాన్ని కమాండ్ గారికి పంపే ముందు ఒక్కసారి అక్షరం అక్షరం సరిచూడండి. ప, ఫ, షలు కలిసిపోతాయి. థలో చుక్క ఎగిరిపోయి ధ అయిపోతుంది. రెండు కాలమ్‌లు ఉన్న పేజీ అయితే ఎడమ వరుస సగం, కుడి వరుస సగం కలిపి కొత్త చరిత్ర రాస్తుంది.

గోదారి_మాస్టారు
చూశాను. రాత్రి పదకొండు దాకా కూర్చుని 62 పేజీలూ చదివాను. తప్పులు 200 పైచిలుకు దిద్దాను. ఇక ఒక్క తప్పూ లేదు, పూచీ నాది. కమాండ్ గారికి పంపేశాను.

కొత్తపేట_కుర్రాడు
‘పూచీ నాది’ అన్న మాటను కాస్త గుర్తుంచుకుందాం.

కమాండ్_లైన్
నమూనాగా పది పేజీలు మార్చి పంపాను. ప్రెస్‌గది గారు కొట్టి ఇస్తానన్నారు.

ప్రెస్‌గది
కొట్టి బస్సులో వేశాను. యంత్రం పక్కన నిలబడితే మరమగ్గాల షెడ్డులో ఉన్నట్టే, మీరు ఫోను చేసినప్పుడు ఎత్తలేదని అనుకోకండి.

గోదారి_మాస్టారు
పది పేజీలు అందాయి. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక అమ్మాయి చేతిలో పెట్టాను. కుడిచేయి చదువుతుంటే ఎడమచేయి కింది వరుస మొదలు వెతికిపెట్టుకుంటోంది. అన్నం సంగతే మరిచిపోయింది. మూడో పేజీలో ఆగింది.

‘సార్, ఇక్కడ "పోడు" అని ఉంది. మామిడి పోడు అంటే ఏమిటి?’

కాస్త కిందికి వెళ్లాక ‘పోట’ అని ఇంకోటి. ‘పంట’ కావాలి. ఇంకోచోట ‘ప, అంకె సున్నా, డు’ అని ఉందట. నా పాఠ్యం తెరిచి చూశాను. అన్నిచోట్లా చక్కగా ‘పండు’, ‘పంట’ అనే ఉంది! పదిసార్లు చూశాను. మరి బ్రెయిలీలో ఎందుకు మారింది? లిబ్‌లూయీలో తప్పుందా?

ఆరుచుక్కలు
లిబ్‌లూయీలో తప్పు లేదు. మీ ‘పండు’లో ఉన్నది సున్న కాదు మాస్టారూ, ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం. ఓసీఆర్‌కు గుండ్రంగా ఏది కనిపించినా ఒకసారి తెలుగు సున్న అంటుంది, ఒకసారి ఇంగ్లిష్ ఓ అంటుంది, ఒకసారి అంకె సున్నా అంటుంది. కంటికి మూడూ ఒకలాగే ఉంటాయని మా చెల్లెలు చెప్పింది. బ్రెయిలీలో మూడూ మూడు వేరే గళ్లు. తెలుగు సున్న 5-6 చుక్కలు. ఇంగ్లిష్ ఓ 1-3-5, మన ఓకారం కూడా అదే. ఇంతకుముందు చెప్పాను కదా, ప పక్కన ఓ పడితే ‘పో’. అంకె సున్నా అయితే దాని ముందు 3-4-5-6 అనే అంకె గుర్తు కూడా వచ్చి కూర్చుంటుంది.

మీరు రాత్రి పదకొండు కాదు, తెల్లవార్లూ చూసినా ఈ తప్పు దొరకదు. అమ్మాయికి మూడో పేజీలోనే దొరికింది.

కొత్తపేట_కుర్రాడు
సున్నకు సున్న, సున్నాకు సున్నా. కంప్యూటర్‌ను మాత్రం ఎందుకు తిట్టాలి, మనమే రెండిటికీ ఒకే పేరు పెట్టుకున్నాం.

స్కానర్_సుబ్బులు
ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నానని గొప్పగా చెప్పుకున్నాను. ఇది నాకూ తెలియదు. మేము ఎక్కించిన పుస్తకాల్లో ఎన్ని పోడులు ఉన్నాయో!

గోదారి_మాస్టారు
అర్థమైంది. వర్డ్‌లో వెతికి మార్చే సదుపాయం ఉంది కదా, ఇప్పుడే అన్నీ ఒక్క దెబ్బతో మార్చేస్తాను. ప్రెస్‌గది గారూ, రేపు ఉదయం పూర్తి ఫైలు కమాండ్ గారి నుంచి వస్తుంది, కొట్టేయండి. పరీక్షలు దగ్గరపడ్డాయి.

పటాల సంగతి ఏం చేయాలో కూడా చెప్పండి. నోట్సులో మొత్తం తొమ్మిది బొమ్మలు ఉన్నాయి. గాంధీజీ ఫోటో, పార్లమెంటు భవనం, ఒక కోట, గోదావరి నది పటం, వగైరా.

పెద్దమ్మ_న్యూజెర్సీ
గాంధీజీ ఫోటోను చుక్కల్లో చెక్కితే వేలికి అందేది ఒక వంకర గీత. దానికన్నా ‘కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీజీ, వెనక పదిమంది’ అని ఒక వాక్యం రాస్తే చాలు. కోట, భవనం కూడా అంతే. పాఠంలో ఆ బొమ్మ ఏ పని చేస్తోందో చూసుకోండి. అలంకారమైతే వాక్యం, విషయమైతే తాకే బొమ్మ. మీ తొమ్మిదింటిలో నది పటం ఒక్కటే నిజంగా చేయాల్సినది.

ప్రెస్‌గది
డబ్బుంటే ఉబ్బే కాగితం ఉంది. నల్ల సిరాతో గీసి వేడి యంత్రంలోంచి పంపితే నలుపున్నచోట కాగితం ఉబ్బుతుంది. బాగుంటుంది, కానీ ఒక్కో కాగితం ఖరీదే. ఏది వాడినా ఉన్న పటాన్ని ఉన్నట్టు దించకండి. అచ్చు పటంలో నదులు, రైలు మార్గాలు, జిల్లా హద్దులు, ఊళ్ల పేర్లు అన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వేలికి రెండు గీతలు వేరువేరుగా తెలియాలంటే మధ్యలో కనీసం మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నది ఒక గీత, తీరం ఇంకో రకం గీత, నాలుగైదు ఊళ్లు. ఊరి పేరు మొత్తం పటం మీద పట్టదు. రెండు అక్షరాల గుర్తు పెట్టి, వివరం వేరే కాగితం మీద రాయండి.

దర్జీ_కొడుకు
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, ఇప్పుడు నా వంతు. మా నాన్న దర్జీ. గుడ్డ మీద గుర్తులు వేయడానికి ఆయన దగ్గర పళ్ల చక్రం ఉంటుంది, చిన్న పిడికి బిగించిన ముళ్ల బిళ్ల. మందపాటి డ్రాయింగు కాగితం కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పరిచి, వెనకవైపు నుంచి ఆ చక్రాన్ని నడిపిస్తే ముందువైపు వరుసగా చుక్కలు లేస్తాయి. నది గీతకు ఇదే. సముద్ర తీరానికి జనపనార పురి అతికించండి. ఊళ్లకు బొట్టుబిళ్లలు, మందంగా ఉండే వెల్వెట్ రకం. మా పక్కింటి బాబు కోసం ఇలాంటివి ముప్పై దాకా చేశాను.

ఒక్క హెచ్చరిక. వెనక నుంచి చేస్తున్నారు కాబట్టి పటాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి గీసుకోవాలి. మొదటిసారి నేను మరిచిపోయాను. మా బాబు పటమంతా తడిమి, ‘మామయ్యా, గోదావరి వెళ్లి అరేబియా సముద్రంలో కలిసిందే’ అన్నాడు.

కొత్తపేట_కుర్రాడు
నాసిక్ వాళ్లు పండగ చేసుకుని ఉంటారు.

నిర్మొహమాటం
కాఫీ కప్పు కింద పెట్టి నవ్వాను. దర్జీ_కొడుకు గారూ, గోరింటాకు కోనులో ఫెవికాల్ నింపి గీసినా ఎండాక గీత లేస్తుందని మా అమ్మాయి అంటోంది. అప్పుడు తిప్పే పని ఉండదు కదా?

దర్జీ_కొడుకు
ఉండదు. కానీ రాత్రంతా ఆరబెట్టాలి, మూల చిన్నగా కోయాలి, లేకపోతే గోదావరికి వరద వస్తుంది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠగా చీలే చోట అయితే చక్రమే మంచిది.

గోదారి_మాస్టారు
నాలుగు రోజులు కనిపించలేదు, మన్నించండి. పుస్తకం వచ్చింది. 168 పేజీలు, మూడు కట్లు. నా బీరువాలో అంత లావు పుస్తకం ఇంకొకటి లేదు.

అమ్మాయి శనివారం ఇంటికి తీసుకెళ్లి సోమవారం తెచ్చింది. ‘సార్, రెండు సందేహాలు’ అంది. మొదటిది, మామిడి పోడు ఇంకా పోడుగానే ఉందట. రెండోది వినగానే నాకు చెమటలు పట్టాయి. ‘అడవుల పాఠంలో గిరిజనులు పండు వ్యవసాయం చేస్తారని రాశారు. కొండ మీద చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లుతారని కూడా ఉంది. చెట్లు నరికేస్తే ఇక పండ్లు ఎక్కడ కాస్తాయి సార్?’

కమాండ్_లైన్
మాస్టారూ, మీరు వర్డ్‌లో ఏది వెతికి ఏది మార్చారు?

గోదారి_మాస్టారు
‘పోడు’ వెతికి ‘పండు’ పెట్టాను. అమ్మాయి పోడు అని చదివింది కదా.

కమాండ్_లైన్
అయ్యో. తప్పున్న చోట మీ ఫైలులో ‘పోడు’ అని లేదు. ప, ఇంగ్లిష్ ఓ, డు అని ఉంది. అది పోడుగా మారేది బ్రెయిలీలోకి వెళ్లాకే. వర్డ్‌లో ‘పోడు’ అని వెతికితే దొరికేది అసలైన పోడు వ్యవసాయం ఒక్కటే. అంటే తప్పుల్ని అలాగే ఉంచి, సరిగ్గా ఉన్న ఒక్క మాటనూ మార్చారు. తప్పు నాదీ ఉంది, ఫైలు రాగానే చూడకుండా నేరుగా మార్చి పంపాను. ఇంగ్లిష్ ఓను, అంకె సున్నాను వెతకాలి, రెండు వైపులా తెలుగు అక్షరాలుంటేనే సున్నగా మార్చాలి. లేకపోతే 1950 కాస్తా ‘195ం’ అవుతుంది. ఈ పని నేనే చేసి పెడతాను.

కొత్తపేట_కుర్రాడు
పూచీ ఎవరిదో ఒకసారి పైకి వెళ్లి చూసుకోండి.

గోదారి_మాస్టారు
నాదే, నాదే. మా ఆవిడ ఇప్పుడు మాట్లాడుతోంది, కానీ ఈ సంగతి విని నవ్వడానికే.

ఆరుచుక్కలు
ఆ అమ్మాయిని రాబోయే పుస్తకాలకు ప్రూఫ్ చూడటానికి పెట్టుకోండి. సరదాకు అనడం లేదు. తొమ్మిదో తరగతిలో నాకు ఆ పని ఇచ్చి ఉంటే ‘శ్రద్ధ’కు ధ వత్తు అప్పుడే నేర్చుకునేవాణ్ని.

ప్రెస్‌గది
తప్పున్న పేజీలు ఏవో సంఖ్యలు పంపండి, అవి మాత్రమే మళ్లీ కొట్టి ఇస్తాను. కట్లు విప్పకుండా జాగ్రత్తగా ఉంచండి. పొడుగు వరుస, పొట్టి వరుస ఎక్కడైనా తగిలిందేమో కూడా అడగండి.

గోదారి_మాస్టారు
వరుసలు బాగున్నాయట. పేజీ సంఖ్యలు తనే రాసి తెచ్చింది, బ్రెయిలీలో. మా బడిలో అది చదవడం వచ్చింది తనకు ఒక్కదానికే. రేపు తనతో చదివించుకుని ఇక్కడ పెడతాను.

దర్జీ గారూ, పళ్ల చక్రం ఎక్కడ దొరుకుతుంది?